మారాల్సింది ఎవరు? కౌన్సెలింగ్ గదిలో లైంగికత, మతవిశ్వాసం

ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాడనుకోండి. "సార్, నాకు అబ్బాయిలంటేనే ఇష్టం కలుగుతోంది. కానీ నేను దేవుణ్ణి గట్టిగా నమ్ముతాను. మా ఇంట్లో ఇది పాపం అంటారు. ఈ రెండూ నాలోనే ఉన్నాయి, నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. ఇప్పుడు ఆ కౌన్సెలర్ ఏం చెప్పాలి?

మనలో చాలామంది దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. కొందరు "ఆ ఇష్టాన్ని మార్చుకో" అంటారు. ఇంకొందరు "ఆ మతాన్ని వదిలెయ్" అంటారు. చూడ్డానికి ఇవి ఎదురెదురు జవాబులు. కాస్త ఆగి ఆలోచిస్తే రెండూ ఒకటే మాట: నీలో సగాన్ని గుమ్మం బయట వదిలేసి లోపలికి రా, అప్పుడు మాట్లాడదాం.

మానసిక వైద్యం గత వందేళ్లలో ఈ రెండు జవాబులూ చెప్పి చూసింది. రెండూ ఫెయిలయ్యాయి. దెబ్బ తిన్నది మాత్రం డాక్టర్లు కాదు, సాయం కోసం వాళ్ల తలుపు తట్టిన మనుషులు. ఆ చరిత్ర ఈరోజు చెప్పుకుందాం. ఎక్కువ భాగం అమెరికాలో జరిగింది, చివరికి మన దేశానికీ వస్తాం.

ఒకే పుస్తకంలో జబ్బు, ఒకే కలంతో రెండు ముద్రలు

ముందుగా ఫ్రాయిడ్. పేరు మీరు వినే ఉంటారు. 1927లో ఆయన మతం గురించి ఒక పుస్తకం రాశాడు. మతం అనేది మనిషి కోరికలోంచి పుట్టిన భ్రమ అనీ, చిన్నపిల్లల మానసిక సమస్య లాంటిదనీ అందులో వాదించాడు. అదే ఫ్రాయిడ్ 1935లో ఒక అమెరికన్ తల్లికి ఉత్తరం రాశాడు. ఆవిడ తన కొడుకు గురించి దిగులు పడుతూ రాసిన ఉత్తరానికి అది జవాబు. స్వలింగ ఆకర్షణలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదనీ, దాన్ని జబ్బు అనలేమనీ, మార్చేస్తానని మాట ఇవ్వలేననీ ఆయన ఆమెకు చెప్పాడు.

అంటే ఫ్రాయిడ్ మతాన్ని అనుమానించాడు, స్వలింగ ఆకర్షణను జబ్బు అనలేదు. అమెరికాలో ఆయన తర్వాత వచ్చిన చాలామంది మాత్రం ఆ ఉత్తరం దారిలో నడవలేదు. 1952లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల పట్టిక ఒకటి అచ్చు వేసింది. దాన్నే డీఎస్ఎమ్ అంటారు. డాక్టర్లకు అది రిఫరెన్స్ పుస్తకం. అందులో స్వలింగ ఆకర్షణను రుగ్మతల్లో చేర్చారు. 1968లో వచ్చిన రెండో కూర్పులో కూడా అది ఉంది.

పుస్తకంలో జబ్బు అని రాశాక ఏమవుతుంది? వైద్యం మొదలవుతుంది. కరెంటు షాకులు ఇచ్చారు. వాంతులు వచ్చే మందులిచ్చి, ఫొటోలు చూపించి, ఇష్టాన్ని అసహ్యంగా మార్చాలని చూశారు. ఏళ్ల తరబడి సైకో అనాలిసిస్ చేశారు. జబ్బు లేని చోట జరిగిన వైద్యం అది.

ఇక్కడ ఒక మనిషిని గుర్తుపెట్టుకోండి: ఆల్బర్ట్ ఎల్లిస్. ఇవాళ కౌన్సెలింగ్ కోర్సు చదివే ప్రతివాళ్లూ ఈయన థెరపీ గురించి చదువుతారు. 1965లో ఈయన స్వలింగ ఆకర్షణకు కారణాలు, చికిత్స అంటూ ఒక పుస్తకం వేశాడు. 1980లో, గాఢమైన మతవిశ్వాసం మానసిక అలజడితో సమానం అన్నట్టు ఒక వ్యాసం రాశాడు. ఒకే కలం రెండు ముద్రలూ వేసిందన్నమాట. తర్వాతి కాలంలో ఎల్లిస్ రెండు విషయాల్లోనూ మెత్తబడ్డాడు. 2001లో మతవిశ్వాసం ఉన్నవాళ్లకు కౌన్సెలింగ్ ఎలా చేయాలో చెప్పే పుస్తకానికి సహరచయితగా కూడా ఉన్నాడు. ఆయన ఒక్కడి జీవితం చూస్తే చాలు, ఈ వృత్తి ఎంత దూరం నడిచిందో అర్థమవుతుంది.

ఎవరు ఎవరో కనిపెట్టలేకపోయారు

ఇప్పుడు 1950ల లాస్ ఏంజెలెస్‌కి వెళదాం. ఎవెలిన్ హుకర్ అనే సైకాలజిస్టు ఉండేది. ఆమె పాత స్టూడెంట్ ఒకతను గే. "మీరు మాలాంటి వాళ్ల మీద ఎందుకు పరిశోధన చేయరు?" అని వెంటపడ్డాడు. ఆమెకు ఒక సంగతి తట్టింది. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జైళ్లలో, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ల మీద చేసినవే. ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూసి అందరూ రోగులే అంటే ఎలా?

హుకర్ 30 మంది గే పురుషులను, వాళ్లకు వయసులో, చదువులో, తెలివితేటల్లో సరిపోయే 30 మంది ఇతర పురుషులను తీసుకుంది. అందరికీ అప్పట్లో పేరున్న మానసిక పరీక్షలు పెట్టింది. సిరా మరకల పరీక్ష వాటిలో ఒకటి. పేర్లు తీసేసి ఆ ఫలితాలను పెద్ద పెద్ద నిపుణుల ముందు పెట్టింది. ఎవరు గే, ఎవరు కాదో వాళ్లు కనిపెట్టలేకపోయారు. మానసిక ఆరోగ్యంలో రెండు గుంపుల మధ్య తేడా దొరకలేదు. 1956లో ఆమె దీన్ని ఒక సదస్సులో చదివింది, 1957లో అచ్చయింది. అయినా పట్టిక మారడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది.

స్క్రీన్ మీద చూస్తున్న ఫొటో 1972 నాటిది. డల్లాస్‌లో సైకియాట్రిస్టుల వార్షిక సమావేశం. ముఖానికి మాస్కు, తలకు విగ్గు, ఒంటికి వదులైన కోటు, గొంతు గుర్తుపట్టకుండా మార్చే మైకు. పేరు అడిగితే డాక్టర్ హెచ్ అనానిమస్. తాను గే అనీ, తానూ వాళ్లలాగే సైకియాట్రిస్టుననీ ఆయన ఆ సభలో చెప్పాడు. ఉద్యోగం పోతుందన్న భయంతోనే ఆ వేషం. ఆ మాస్కు వెనకున్న మనిషి ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ ఫ్రయర్. ఇంకో సంగతి తెలుసా? ఆయన ఏళ్ల తరబడి చర్చిలో ఆర్గాన్ వాయించిన సంగీతకారుడు కూడా. "గే అయితే భక్తికి దూరం, భక్తుడైతే గే కాదు" అనుకునే లెక్కలో ఈయన ఎక్కడా ఇమడడు.

1973 డిసెంబర్ 15న అసోసియేషన్ బోర్డు స్వలింగ ఆకర్షణను రుగ్మతల పట్టికలోంచి తీసేసింది. ఒప్పుకోని డాక్టర్లు సభ్యులందరి ఓటింగ్ కావాలన్నారు. 1974లో ఓటింగ్ జరిగింది. తీసేయడమే సరైనదని 5,854 మంది, వద్దని 3,810 మంది ఓటేశారు.

కథ అక్కడితో అయిపోయిందని అనుకుంటారు చాలామంది. కాలేదు. ఆ తీసేసిన చోట ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచారు. తన ఆకర్షణ వల్ల బాధపడుతున్నవాళ్లకు మాత్రం రుగ్మత ఉన్నట్టే లెక్క. 1980 నాటి మూడో కూర్పులో కూడా వేరే పేరుతో అది మిగిలింది. దీని అర్థం ఏంటో చూడండి. గే అయి సంతోషంగా ఉంటే నువ్వు ఆరోగ్యవంతుడివి. అదే గే అయి, దేవుడికి భయపడి ఏడుస్తుంటే రోగివి! బాధ ఎక్కడినుంచి వచ్చిందని అడగకుండా, బాధపడుతున్నవాడిలోనే రోగం వెతికారు. ఆ కిటికీ 1987లో గానీ మూసుకోలేదు.

ప్రార్థనతో మార్చేస్తాం అన్నవాళ్లు

డాక్టర్ల పుస్తకంలోంచి పోయాక ఈ బాధను ఎవరు చేతిలోకి తీసుకున్నారు? చర్చిలతో ముడిపడిన సంస్థలు. 1976లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఎక్సోడస్ అనే సంస్థ పుట్టింది. ప్రార్థన, బైబిల్ అధ్యయనం, గ్రూపు మీటింగులు, కౌన్సెలింగ్ ద్వారా స్వలింగ ఆకర్షణ నుంచి బయటపడొచ్చని వాళ్ల మాట. మూడేళ్లకే, 1979లో, స్థాపకుల్లో ఒకడైన మైకేల్ బస్సీ దాన్ని వదిలేశాడు. అదే సంస్థలో పనిచేసే ఇంకో పురుషుడితో ప్రేమలో పడ్డాడు. 2007లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

అయినా సంస్థ పెరుగుతూనే పోయింది. ఎందుకంటే అక్కడికి వెళ్లేవాళ్లు చాలామంది తమంతట తామే వెళ్లేవారు. దేవుణ్ణీ, కుటుంబాన్నీ వదులుకోలేక. వాళ్ల భక్తి నిజం, బాధ నిజం. అమ్ముతున్న హామీ మాత్రం నిజం కాదు.

2001లో ఒక పెద్ద డాక్టర్ ఆ హామీకి ఊతమిచ్చాడు. రాబర్ట్ స్పిట్జర్. 1973లో ఆ పట్టికను మార్చడంలో ముఖ్యపాత్ర ఆయనదే! అలాంటివాడు 200 మందితో మాట్లాడి, కొందరిలో మార్పు సాధ్యమే అనిపిస్తోందని చెప్పాడు. 2003లో ఆ పేపర్ అచ్చయింది. వార్త ప్రపంచమంతా పాకింది. కానీ ఆ పరిశోధన ఎలా చేశాడు? ఫోన్‌లో సుమారు 45 నిమిషాల ఇంటర్వ్యూ. మాట్లాడినవాళ్లలో ఎక్కువమందిని పంపింది మార్పు సాధ్యమని ప్రచారం చేసే సంస్థలే. "నేను మారాను" అంటే మారినట్టు రాసుకోవడమే తప్ప సరిచూసే దారి లేదు. పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు.

2012లో, ఎనభైకి చేరువైన స్పిట్జర్ ఆ జర్నల్‌కు ఉత్తరం రాశాడు. ఆ మాటలు నిజమో కాదో తేల్చే మార్గం తన పరిశోధనలో లేదని ఒప్పుకున్నాడు. దాన్ని నమ్మి ఏళ్లు పోగొట్టుకున్న గే వ్యక్తులకు క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది జనవరిలో ఎక్సోడస్ అధ్యక్షుడు అలన్ చేంబర్స్ ఒక సభలో, తాను చూసినవాళ్లలో 99.9 శాతం మందికి ఆకర్షణ మారలేదని ఒప్పుకున్నాడు. 2013 జూన్‌లో క్షమాపణ చెప్పి సంస్థనే మూసేశారు. 37 ఏళ్ల తర్వాత.

అయితే మతాన్ని వదిలెయ్యమందామా?

ఇక్కడ చాలామంది "చూశారా, మతమే సమస్య. దాన్ని వదిలేస్తే సరి" అంటారు. తొందరపడొద్దు. రెండో ముద్ర సంగతి ఇంకా తేలలేదు.

1994లో డీఎస్ఎమ్ నాలుగో కూర్పు వచ్చింది. అందులో మత సంబంధమైన, ఆధ్యాత్మికమైన సమస్య అని ఒక కొత్త పేరు చేర్చారు. ఇది రుగ్మతల్లో లేదు, గమనించండి. నమ్మకం సడలడం, మతం మారాక వచ్చే గందరగోళం లాంటివాటితో ఒక మనిషి వస్తే, అది జబ్బు కాదు గానీ పట్టించుకోవాల్సిన విషయమే అని డాక్టర్లకు గుర్తుచేయడం. 1973లో ఒక ముద్ర చెరిగితే, రెండోది చెరగడం 1994లో మొదలైంది.

ఆ తర్వాత ఆసక్తికరమైన పని మతం లోపలినుంచే వచ్చింది. 2006లో వారెన్ త్రాక్‌మార్టన్, మార్క్ యార్‌హౌస్ అనే ఇద్దరు క్రైస్తవ సైకాలజిస్టులు ఒక పద్ధతి రాశారు. ఇద్దరూ క్రైస్తవ విద్యాసంస్థల్లో పాఠాలు చెప్పేవాళ్లే. ఆకర్షణను మార్చడం లక్ష్యంగా పెట్టుకోవద్దు, మతాన్ని వదిలించడం లక్ష్యంగా పెట్టుకోవద్దు, వచ్చిన మనిషి తన విలువలతో పొసిగే జీవితాన్ని తానే ఎంచుకునేలా సాయపడండి అన్నది దాని సారం.

2009లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కమిటీ నివేదిక వచ్చింది. ఇది వేరే సంస్థ, ఇందాకటిది సైకియాట్రిస్టులది, ఇది సైకాలజిస్టులది. 1960 నుంచి 2007 దాకా వచ్చిన 83 పరిశోధనలు తిరగేశారు. ఆకర్షణను మార్చే చికిత్సలు పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదు, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు లాంటి హాని జరగొచ్చు అని తేల్చారు. వార్తల్లో వచ్చింది ఇంతే. కానీ అదే నివేదికలో మతం గురించి కూడా గట్టిగా రాశారు. మతవిశ్వాసాన్ని వెటకారం చేయొద్దు, క్లయింట్ తరఫున నిర్ణయం మీరు తీసుకోవద్దు అన్నారు. ఒక మనిషికి "నా విలువల ప్రకారం బతకాలి" అనేది ముఖ్యం కావచ్చు, ఇంకొకరికి "నా మనసుకు, శరీరానికి నిజాయితీగా ఉండాలి" అనేది ముఖ్యం కావచ్చు, రెండింటినీ గౌరవించండి అన్నారు.

దీన్నిబట్టి ఒకరు తమ మతంలోనే తమను ఒప్పుకునే మనుషులను వెతుక్కోవచ్చు. ఒకరు వేరే సమాజంలో చేరొచ్చు. ఒకరు నమ్మకాన్ని కొత్తగా అర్థం చేసుకోవచ్చు. ఒకరు ఒంటరిగా ఉండటాన్ని తమ ఇష్టంతో ఎంచుకోవచ్చు. కౌన్సెలర్ ఇవ్వకూడనిది ఒకే ఒక్కటి: "నిన్ను మార్చేస్తా" అనే అబద్ధపు మాట.

మరి కౌన్సెలర్‌కే నమ్మకం అడ్డొస్తే?

ఇప్పటిదాకా క్లయింట్ నమ్మకం గురించి మాట్లాడాం. కౌన్సెలర్ కూడా మనిషే కదా. 2009లోనే మిచిగన్ రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో కౌన్సెలింగ్ చదువుతున్న విద్యార్థినికి ఒక క్లయింట్‌ని అప్పగించారు. డిప్రెషన్ సమస్య, స్వలింగ సంబంధం ప్రస్తావన కూడా ఉంది. ఆ సంబంధాన్ని సమర్థించడం నా విశ్వాసానికి విరుద్ధం, వేరేవాళ్లకి పంపండి అని ఆమె అడిగింది. యూనివర్సిటీ ఆమెను కోర్సు నుంచి తీసేసింది. 2012లో అప్పీల్ కోర్టు కేసును జ్యూరీ ముందుకు వెళ్లనివ్వాలంది, చివరికి రాజీ కుదిరింది. జార్జియా రాష్ట్రంలో దాదాపు ఇలాంటి ఇంకో కేసులో 2011లో కోర్టు యూనివర్సిటీ వైపు నిలిచింది.

2014లో అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ తన నియమావళిని సవరించి, కేవలం మీ సొంత విలువల కారణంగా క్లయింట్‌ని వేరేవాళ్లకి పంపకూడదు అని తేల్చి రాసింది. 2016లో టెనెసీ రాష్ట్రం దానికి ఎదురుగా చట్టం చేసింది. విశ్వాసానికి విరుద్ధమైతే కౌన్సెలర్ నిరాకరించి, వేరేవాళ్ల దగ్గరికి పంపొచ్చు అంది. అసోసియేషన్ తన 2017 సదస్సును ఆ రాష్ట్ర రాజధాని నాష్‌విల్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు మార్చేసుకుంది.

రెండు వైపులా వాదన ఉంది. తన నమ్మకానికి విరుద్ధంగా పనిచేయమనడం న్యాయమా అని ఒకరు. ధైర్యం తెచ్చుకుని వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేస్తే ఆ మనిషి ఇంకో తలుపు తడతాడా అని ఇంకొకరు. నాకు రెండో ప్రశ్నే బరువైనదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ గదిలో బలహీనుడు ఎవరో మనకు తెలుసు.

మన దేశంలో

"ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు?" అనొచ్చు. మన దగ్గర ఈ బాధ వచ్చే దారి వేరు. గుడికో, చర్చికో, దర్గాకో తీసుకెళ్తారు. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. అదీ కుదరకపోతే డాక్టర్ దగ్గరికి. కానీ అక్కడ వేసే ప్రశ్న ఒకటే: మారాల్సింది ఎవరు?

దీనికి మన చట్టం సూటిగా జవాబిచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ చదవండి. ఒక మనిషి తన సమాజంలోని నైతిక, సామాజిక విలువలకో మతవిశ్వాసాలకో అనుగుణంగా లేడన్న కారణంతో మానసిక రోగి అని తేల్చకూడదు. ఒక మతానికి చెందినవాడన్న కారణంతోనూ తేల్చకూడదు. రెండు ముద్రలకూ ఒకే సెక్షన్‌లో అడ్డుకట్ట! 2018లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకమైన వయోజనుల సంబంధాలను 377 సెక్షన్ పరిధిలోంచి తీసేసింది.

అన్నింటికంటే నాకు నచ్చిన ఘట్టం మద్రాస్ హైకోర్టులో జరిగింది. 2021లో మదురైకి చెందిన ఇద్దరు యువతులు ఇళ్లు వదిలి చెన్నై చేరారు. తల్లిదండ్రులు కనిపించడం లేదని పోలీసు కేసులు పెట్టారు. రక్షణ కోసం యువతులు కోర్టుకెళ్లారు. కేసు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకొచ్చింది. ఆయన ఆ అమ్మాయిలనూ తల్లిదండ్రులనూ కౌన్సెలింగ్‌కి పంపారు. తర్వాత ఈ విషయంలో తనకే సరైన అవగాహన లేదని ఒప్పుకుని, తీర్పు రాసేముందు తానే సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఒక హైకోర్టు జడ్జి!

2021 జూన్ 7 నాటి ఉత్తర్వుల్లో, లైంగిక ఆకర్షణను వైద్యంతో నయం చేస్తాం, మారుస్తాం అనే ప్రయత్నాలను నిషేధించారు. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ అలాంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూడాలని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. వందేళ్లుగా "నువ్వు మారు" అని అవతలివాళ్లకు చెబుతూ వచ్చిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్న మనిషి, మొదట మారాల్సింది తన అవగాహనే అనుకున్నాడు. ఈ చరిత్ర మొత్తంలో పనిచేసిన మార్పు అదే.

మీకోసమో, మీ ఫ్రెండ్ కోసమో కౌన్సెలర్ దగ్గరికి వెళితే మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, నా ఆకర్షణను మార్చడం మీ ఉద్దేశమా? అవునంటే లేచి వచ్చేయండి. రెండు, నా దేవుడి గురించి, నా నమ్మకం గురించి ఇక్కడ మాట్లాడొచ్చా? నవ్వితే అక్కడ కూడా ఆగొద్దు. మూడు, నేను చెప్పింది మా ఇంట్లో చెప్తారా? గోప్యత మీ హక్కు అని ఆ 2017 చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు మాత్రం మినహాయింపు. అవేంటో ముందే అడిగి తెలుసుకోండి.

మరీ తట్టుకోలేని రాత్రి అయితే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబర్ 14416. ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబర్‌ని ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు, మీ పక్కన కూర్చున్నవాళ్లకు రావచ్చు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.